కమాండర్ కీన్: డాస్ కాలపు ఆటను నేటి కంప్యూటర్‌లో పెట్టుకుని చివరిదాకా ఆడటం ఎలా

కమాండర్ కీన్ మొదటి భాగంలో చిక్కంతా రెండు కీల దగ్గరే ఉంది. కంట్రోల్ నొక్కితే ఆట హీరో కీన్ గెంతుతాడు. ఆల్ట్ నొక్కితే పోగో కర్ర, అంటే ఎగరడానికి వాడే స్ప్రింగు కర్ర, ఎక్కుతాడు. రెండూ ఒకేసారి నొక్కితే తుపాకీ పేలుతుంది. 1990లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే కంప్యూటర్ మీద ఈ రెండు కీలకు వేరే పనేమీ ఉండేది కాదు, ఆట అడిగింది చేసేవి. ఇప్పటి విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ ఈ కీలను తమ పనులకు వాడుకుంటున్నాయి. అందుకే మంచి సమయంలో స్క్రీన్ తలకిందులవుతుంది, లేదా కిటికీ మాయమవుతుంది, ఆలోపు కీన్ చచ్చిపోతాడు. ఆట బాగా లేదనుకుని వదిలేయకండి. మొదటి అరగంట కీలు కుదుర్చుకోవడానికే పెట్టుకోండి. ఆ తర్వాత ఈ ఆట ఎంత ముద్దొస్తుందో మీకే తెలుస్తుంది.

తెలియనివాళ్లకు రెండు మాటల్లో కథ. బిల్లీ బ్లేజ్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడు పెరట్లో ఖాళీ సూప్ డబ్బాలతో రాకెట్ కట్టుకుంటాడు. అన్న ఫుట్‌బాల్ హెల్మెట్ తలకు తగిలించుకుని, కమాండర్ కీన్‌గా మారి అంగారకుడి మీద దిగుతాడు. చుట్టూ చూసి వచ్చేలోపు వోర్టికాన్లు అనే జీవులు రాకెట్ భాగాలు నాలుగు ఎత్తుకుపోతారు. ఒకటి జాయ్‌స్టిక్, ఒకటి కారు బ్యాటరీ, ఒకటి వాక్యూమ్ క్లీనర్. నాలుగోది ఎవర్‌క్లియర్ అనే ఘాటైన మద్యం సీసా, రాకెట్‌కు ఇంధనం అదే. ఆ నాలుగూ వెతికి తెచ్చుకుని ఇంటికి పోవడమే ఆట.

అపోజీ సాఫ్ట్‌వేర్ దీన్ని 1990 డిసెంబర్ 14న విడుదల చేసింది. చేసినవాళ్లు జాన్ కార్మాక్, జాన్ రొమేరో, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్. కొద్ది వారాల తర్వాత, 1991 ఫిబ్రవరిలో, ఐడీ సాఫ్ట్‌వేర్ అనే ఆటల సంస్థను పెట్టింది ఈ బృందమే.

ముందు ఆటను సంపాదించండి

మూడు భాగాల ఈ కథలో మొదటి భాగం పేరు మరూన్డ్ ఆన్ మార్స్. దీన్ని షేర్‌వేర్‌గా వదిలారు. అంటే మొదటి భాగాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. మిగతా రెండు భాగాలు కావాలంటే అప్పట్లో డబ్బు కట్టి తెప్పించుకోవాల్సి వచ్చేది. కాబట్టి మొదటి భాగం షేర్‌వేర్ కాపీని దించుకోవడంలో తప్పేమీ లేదు. వెర్షన్ 1.31 తీసుకోండి. రెండు, మూడు భాగాలూ ఆడాలనుకుంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో, తర్వాత వచ్చినవీ కలిపి 1 నుంచి 5 భాగాలున్న ప్యాక్ కొనుక్కోండి. డాస్ ఆటలను నేటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ అందులో అమర్చే ఉంటుంది.

దించుకున్న జిప్ ఫైల్‌ను విప్పాక ఫోల్డర్‌లో ఏమేమున్నాయో ఒకసారి చూసుకోండి. కీన్1 అనే ఈఎక్స్‌ఈ ఫైల్ ఒకటి, సీకే1 అనే తోకతో చాలా ఫైళ్లు ఉండాలి. లెవెల్01 నుంచి లెవెల్16 దాకా ఉన్నవి ఆడే లెవెళ్లు. లెవెల్80 అంటే అంగారకుడి మ్యాప్, లెవెల్90 అంటే మొదట కనిపించే టైటిల్ తెర. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆట ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. కీన్1 ఒక్కదాన్నే వేరే చోటికి లాగి నడపడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండనివ్వండి.

ఆ ఫోల్డర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి. ఆట తన సేవ్ ఫైళ్లను అదే ఫోల్డర్‌లో రాసుకుంటుంది, అక్కడ రాయడానికి విండోస్ తేలిగ్గా ఒప్పుకోదు. సీ డ్రైవ్‌లో నేరుగా కీన్ అనే పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుంటే చాలు. పేరు ఎనిమిది అక్షరాల లోపు, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటే డాస్‌కు హాయి.

డాస్‌బాక్స్‌లో నడపడం

కీన్1 మీద నేరుగా డబుల్ క్లిక్ చేస్తే ఈ యాప్ మీ కంప్యూటర్‌లో నడవదని విండోస్ చెబుతుంది. ఫైల్ పాడైందని కంగారు పడకండి. ఇది 16 బిట్ ప్రోగ్రామ్. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములను నడిపే భాగమే లేదు. అందుకే డాస్‌బాక్స్ కావాలి. 0.74-3 వెర్షన్ సరిపోతుంది. డాస్‌బాక్స్ స్టేజింగ్, డాస్‌బాక్స్ ఎక్స్ అనేవి దాని కొత్త రూపాలు, అవి వాడినా ఇక్కడ చెప్పిన దారి దాదాపు ఇదే.

విండోస్‌లో తేలిక మార్గం: కీన్1 ఫైల్‌ను మౌస్‌తో పట్టుకుని డెస్క్‌టాప్ మీదున్న డాస్‌బాక్స్ బొమ్మ మీద వదలండి. ఆ ఫోల్డర్‌నే సీ డ్రైవ్‌గా చూసుకుని ఆట మొదలవుతుంది. కమాండ్ ఒక్కటి కూడా టైప్ చేయనక్కర్లేదు.

మ్యాక్, లినక్స్‌లో మూడు వరుసలు టైప్ చేయాలి. డాస్‌బాక్స్ తెరిచాక మౌంట్ అనే మాట, ఒక ఖాళీ, సీ అక్షరం, ఒక ఖాళీ, ఆ పక్కన ఫోల్డర్ చిరునామా ఇచ్చి ఎంటర్ కొట్టండి. రెండో వరుసలో సీ, దాని వెంటనే కోలన్. మూడో వరుసలో కీన్1. చిరునామాలో ఎక్కడైనా ఖాళీ ఉంటే మొత్తం చిరునామాను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, లేకపోతే అలాంటి ఫోల్డర్ లేదంటుంది. లినక్స్‌లో పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు తేడా ఉంటుందని గుర్తుంచుకోండి.

కీలు: అసలు పని ఇక్కడే

ఇప్పుడే ఆడటం మొదలుపెట్టకండి. ముందు ఏ కీ దగ్గర ఏ ప్రమాదం ఉందో చూడండి.

ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న చాలా పాత ల్యాప్‌టాప్‌లలో కంట్రోల్, ఆల్ట్, బాణం కీ మూడూ కలిపితే స్క్రీన్ తిరిగిపోతుంది. కీన్ నడుస్తూ కాల్చాలంటే మీరు నొక్కేది సరిగ్గా ఆ మూడే. స్క్రీన్ పక్కకు తిరిగిపోతే కంట్రోల్, ఆల్ట్, పై బాణం కలిపి నొక్కండి, మళ్లీ నిటారుగా వస్తుంది. శాశ్వతంగా ఆపాలంటే ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో హాట్ కీలు అన్నచోట వాటిని తీసేయండి. మ్యాక్‌లో కంట్రోల్‌తో ఎడమ, కుడి బాణాలు కలిస్తే డెస్క్‌టాప్ మారిపోతుంది. అంటే పరిగెత్తుతూ గెంతిన ప్రతిసారీ ఆట కళ్ల ముందు నుంచి జారిపోతుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్‌లలోకి వెళ్లి మిషన్ కంట్రోల్ కింద ఆ రెండింటికీ టిక్ తీసేయాలి. ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, పక్క బాణం కలిస్తే వర్క్‌స్పేస్ మారుతుంది, దాన్నీ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు.

డాస్‌బాక్స్‌కు కూడా సొంత షార్ట్‌కట్‌లు ఉన్నాయి, వాటిలో చాలా భాగం కంట్రోల్‌తోనే మొదలవుతాయి. ఆటలో ఎఫ్5 అంటే సేవ్. గెంతే వేలు కంట్రోల్ మీద ఉండగానే ఎఫ్5 నొక్కితే అది డాస్‌బాక్స్‌కు వెళ్లి స్క్రీన్‌షాట్ తీస్తుంది, ఆట సేవ్ కాదు. కంట్రోల్, ఎఫ్9 ఇంకా ప్రమాదం: అడక్కుండానే డాస్‌బాక్స్ మొత్తం మూసేస్తుంది. ఎఫ్ కీలు నొక్కేటప్పుడు ఎడమ చెయ్యి కీబోర్డు మీద నుంచి పూర్తిగా తీసేయడం అలవాటు చేసుకోండి.

ఇన్ని సెట్టింగ్స్ మార్చడం కంటే ఆటలోనే కీలు మార్చుకోవడం నయం. ఆట నడుస్తుండగా ఎఫ్3 నొక్కితే కీబోర్డు సెట్టింగ్స్ వస్తాయి. గెంతే బటన్‌కు జెడ్, పోగో బటన్‌కు ఎక్స్ ఇవ్వండి. దిశలకు బాణాలే ఉంచండి. ఇక కంట్రోల్, ఆల్ట్‌లతో మీకు పని లేదు. పైన చెప్పిన ప్రమాదాలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి.

అయితే ఒక పరీక్ష చేసి చూడండి. కుడి బాణం నొక్కి పట్టుకుని, జెడ్, ఎక్స్ రెండూ కలిపి నొక్కండి. కీన్ కాల్చకుండా గెంతడమో, ఊరికే నిలబడటమో చేస్తే మీ కీబోర్డు మూడు కీలను ఒకేసారి గుర్తించలేకపోతోందన్నమాట. చౌక కీబోర్డులలో కీల కింద తీగలు వరుసలు, నిలువులుగా అల్లి ఉంటాయి, కొన్ని మూడు కీల కలయికలు అక్కడ ఒకదాన్నొకటి మింగేస్తాయి. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌లకు మామూలుగా ఈ ఇబ్బంది రాకుండా విడిగా తీగలు ఇస్తారు. మీ కీబోర్డు ఇలా మొండికేస్తే జెడ్, ఎక్స్ బదులు వేరే జంట ప్రయత్నించండి. పక్కపక్కనే కాకుండా వేర్వేరు వరుసల్లో ఉన్న కీలు తీసుకుంటే తరచుగా పని జరుగుతుంది.

కాల్చడానికి విడిగా ఒక కీ ఉంటే బాగుండుననిపిస్తుంది. ఆట అది ఇవ్వదు కానీ డాస్‌బాక్స్ ఇస్తుంది. కంట్రోల్, ఎఫ్1 నొక్కితే తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. అందులో జెడ్ మీద క్లిక్ చేసి, యాడ్ నొక్కి, మీ కీబోర్డు మీద ఎస్ కొట్టండి. తర్వాత బొమ్మలో ఎక్స్ మీద క్లిక్ చేసి, మళ్లీ యాడ్, మళ్లీ ఎస్. సేవ్ చేసి ఎగ్జిట్ అవ్వండి. ఇప్పుడు ఎస్ ఒక్కటి నొక్కితే జెడ్, ఎక్స్ రెండూ ఒకేసారి నొక్కినట్టు ఆటకు చేరుతుంది, తుపాకీ పేలుతుంది. ఈ మార్పు డాస్‌బాక్స్‌లో మీరు ఆడే మిగతా ఆటలకూ వర్తిస్తుంది. టైప్ చేసేటప్పుడూ ఎస్ కొడితే మూడక్షరాలు పడతాయి. పని అయ్యాక అదే చోట డెల్ నొక్కి తీసేసుకోవచ్చు.

గేమ్‌ప్యాడ్ ఉన్నవాళ్లు ఎఫ్4 నొక్కి జాయ్‌స్టిక్ ఎంచుకోవచ్చు. కీన్ తనంతట తానే ఒక పక్కకు జారుతుంటే డాస్‌బాక్స్ సెట్టింగ్స్ ఫైల్‌లో జాయ్‌స్టిక్ విభాగంలో టైమ్డ్ అన్న వరుసను ఫాల్స్ చేయండి.

బొమ్మ, వేగం, ధ్వని

ఈ ఆట 320 గుణకం 200 చుక్కల తెర మీద, 16 రంగుల్లో నడుస్తుంది. అప్పటి మానిటర్లు 4:3 ఆకారంలో ఉండేవి కాబట్టి ఒక్కో చుక్క వెడల్పు కంటే ఎత్తు కొంచెం ఎక్కువగా కనిపించేది. డాస్‌బాక్స్‌ను ఉన్నదున్నట్టు వదిలేస్తే కీన్ పొట్టిగా, లావుగా కనిపిస్తాడు. స్టార్ట్ మెనూలో డాస్‌బాక్స్ ఆప్షన్స్ అనేదాన్ని తెరిస్తే సెట్టింగ్స్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో వస్తుంది. యాస్పెక్ట్ అన్న వరుసలో ట్రూ అని రాయండి. అవుట్‌పుట్ అన్న వరుసలో సర్ఫేస్ తీసి ఓపెన్‌జీఎల్ పెట్టండి. ఇది మార్చకుండా విండో రిజల్యూషన్ ఎంత పెట్టినా కిటికీ పెరగదు. ఆ తర్వాత విండో రిజల్యూషన్‌లో 1280x960 ఇవ్వండి. పెద్ద మానిటర్ ఉంటే 1600x1200 ఇంకా మంచిది: అడ్డంగా సరిగ్గా 5 రెట్లు, నిలువుగా సరిగ్గా 6 రెట్లు, కాబట్టి చుక్కలన్నీ ఒకే కొలతలో పదునుగా వస్తాయి. ఫుల్ స్క్రీన్ కావాలంటే ఆల్ట్, ఎంటర్.

డాస్‌బాక్స్ ఎంత వేగంగా నడవాలో చెప్పే సైకిల్స్ అన్న సంఖ్య 3000 దగ్గరుంటే ఈ ఆటకు సరిపోతుంది. తెర కుదుపుగా జరుగుతుంటే కంట్రోల్, ఎఫ్12తో కొద్దికొద్దిగా పెంచి చూడండి, తగ్గించడానికి కంట్రోల్, ఎఫ్11. ఈ జారడం సాఫీగా ఉండటమే ఈ ఆట గొప్ప. అప్పటి పీసీలకు తెర మొత్తాన్ని ప్రతిసారీ తిరిగి గీసేంత వేగం లేదు. కార్మాక్ ఏం చేశాడంటే, కనిపించే తెర కంటే కాస్త పెద్ద బొమ్మను ఈజీఏ అనే అప్పటి గ్రాఫిక్స్ కార్డు మెమరీలో ఉంచి, ఎక్కడి నుంచి చూపించాలో మాత్రం కార్డుకు చెప్పాడు. ఒక గడి, అంటే 16 చుక్కలు, జరిగాక కొత్త చోట ఏ గడులు పాతవాటికంటే వేరుగా ఉన్నాయో అవి మాత్రమే మళ్లీ గీస్తాడు. అంగారకుడి ఆకాశం, నేల ఒకే రకం గడులతో పరుచుకుని ఉండటం ఈ కిటుకుకు బాగా కలిసొచ్చింది. గీయాల్సిన గడులు ఎంత తక్కువైతే అంత సాఫీ.

ధ్వని గురించి ఒకే మాట: మొదటి మూడు భాగాల్లో పీసీ స్పీకర్ చప్పుళ్లు తప్ప సంగీతం లేదు. సౌండ్ కార్డు సెట్టింగ్స్ ఎన్ని మార్చినా అంతే. చప్పుడు ఏమీ రాకపోతే ఎఫ్2 పొరపాటున నొక్కారేమో చూడండి.

గెంతు నేర్చుకోండి

మ్యాప్ మీది మొదటి ఊళ్లో, అంటే మొదటి లెవెల్‌లో, పది నిమిషాలు ఊరికే గెంతండి. శత్రువుల జోలికి పోకండి.

కీన్ బటన్ నొక్కగానే గాల్లోకి లేవడు. దగ్గరగా చూస్తే ముందు మోకాళ్లు వంచి కిందికి కుంగుతాడు, చేతులు వెనక్కి పోతాయి, అప్పుడు లేస్తాడు. ఆ కుంగే క్షణంలోనూ అతను ముందుకు జారుతూనే ఉంటాడు. అందుకే అంచు దాకా పరిగెత్తి అక్కడ నొక్కితే లేచేలోపే గోతిలో పడతాడు. అంచుకు సుమారు ఒక గడి ముందే నొక్కాలి. బటన్ ఎంతసేపు పట్టుకుంటే అంత ఎత్తు. తటాలున నొక్కి వదిలితే చిన్న గెంతు. తల మీద మంటలో, ముళ్లో ఉన్న ఇరుకు చోట్ల ఈ చిన్న గెంతే ప్రాణం కాపాడుతుంది.

గాల్లో ఉండగా ఎడమ, కుడి బాణాలతో దిశ మార్చుకోవచ్చు, కానీ వేగం వెంటనే తగ్గదు. దిగాల్సిన చోటు దాటిపోతున్నట్టనిపిస్తే ముందుగానే ఎదురు బాణం నొక్కండి. ఐసు మీద ఈ జారుడు ఇంకా ఎక్కువ. అక్కడ పరిగెత్తి గెంతకండి. నిలబడి, కుదురుకుని, ఒక్కో గెంతు వేసుకుంటూ పోండి.

ఇంకో సంగతి. పైకీ కిందికీ తెర జరిపి చూసే సౌకర్యం ఈ మొదటి భాగాల్లో లేదు, అది నాలుగో భాగంతోనే వచ్చింది. కింద ఏముందో తెలియకుండా దూకడం చీకట్లో బావిలో దూకినట్టే. లెవెల్ అడుగుకు జారిపోతే లైఫ్ పోతుంది. దిగే ముందు అంచున ఒక పక్కకీ ఇంకో పక్కకీ నడిస్తే తెర కాస్త జరిగి కొంత కనిపిస్తుంది.

పోగో కర్ర మొదటి భాగంలో చేతిలో ఉండదు, వెతికి తెచ్చుకోవాలి. మ్యాప్ మీద కనిపించే ఒక గుడిలో ఉంటుంది, కాబట్టి చిన్న లెవెళ్లను చిన్నచూపు చూసి దాటేయకండి. కర్ర దొరికాక దాని బటన్ ఒకసారి నొక్కితే ఎక్కుతాడు, మళ్లీ నొక్కితే దిగుతాడు. కర్ర మీద ఎగురుతూ గెంతే బటన్ పట్టుకుంటే మామూలు గెంతు అందుకోలేని ఎత్తుకు లేస్తాడు. బటన్‌ను కర్ర నేలను తాకే ముందే పట్టుకోండి. తాకాక నొక్కితే ఆ ఎగురు చిన్నదే అవుతుంది.

కర్ర లేనంతకాలం కాల్చడం తేలిక: పోగో బటన్‌ను ముందే నొక్కి పట్టుకుని, గెంతే బటన్ తాటిస్తే చాలు. కర్ర దొరికిన తర్వాత ఇదే అలవాటు ముంచుతుంది. పోగో బటన్ ఒక్క క్షణం ముందు పడితే శత్రువు ఎదురుగా కీన్ కర్రెక్కి ఎగురుతుంటాడు. అప్పటి నుంచి రెండూ ఒకేసారి పడాలి, లేదా పైన చెప్పిన ఎస్ కీ వాడాలి.

తూటాలు పొదుపు

ఒక్కో రేగన్, అంటే కిరణాల తుపాకీ, ఏరుకుంటే అయిదు తూటాలు. అంతే. ఆట మొదట్లో ఒక్కటీ ఉండదు. కీన్ ఎడమకో కుడికో మాత్రమే కాల్చగలడు, పైకీ కిందికీ కాల్చలేడు. అతనికి ఆరోగ్యం చూపే గీత లేదు, ప్రాణం తీసేదాన్ని ఒక్కసారి తాకితే ఒక లైఫ్ పోయినట్టే. కాబట్టి ఏ జీవి మీద ఎంత ఖర్చు పెట్టాలో ముందే లెక్క వేసుకోవాలి.

యోర్ప్ అంటే ఒంటికన్ను ఆకుపచ్చ పొట్టివాడు. వీడు చంపడు, తోస్తాడు. గోతి అంచున తోస్తే మాత్రం చంపినట్టే. ఒక్క తూటాకు చస్తాడు కానీ ఆ తూటా దండగ. నెత్తి మీద దూకితే కళ్లు తిరిగి కాసేపు అలాగే ఉండిపోతాడు, ఆలోపు దాటిపోండి. నిజం చెప్పాలంటే వీడు ముద్దుగా కూడా ఉంటాడు, చంపబుద్ధి కాదు.

గార్గ్ పెద్ద నోరు, రెండు కళ్లు ఉన్నవాడు. ఒక్కసారి మిమ్మల్ని చూశాడంటే మీద పడటానికి పరిగెత్తుకొస్తాడు. ఒక్క తూటా చాలు, వీడి మీద ఆ తూటా ఖర్చు పెట్టండి. తూటా లేకపోతే ఎత్తున్న చోటుకు ఎక్కి కింద నుంచి పోనివ్వండి.

వోర్టికాన్ నీలం రంగు, కుక్క ముఖం. నాలుగు తూటాలు తగిలితే గానీ పడడు. అంటే ఒక రేగన్‌తో ఒక వోర్టికాన్, ఒక గార్గ్. వీడితో చిక్కు ఏమిటంటే ఎప్పుడు గెంతుతాడో తెలియదు. వాడు గాల్లో ఉన్నప్పుడు కాల్చిన తూటా కింద నుంచి వెళ్లిపోతుంది. దూరంగా నిలబడి, వాడి కాళ్లు నేలకు ఆనినప్పుడే ఒక్కొక్కటిగా కాల్చండి. పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న దారిలో ఎదురైతే మంచిది, అక్కడ వాడు ఎత్తుకు గెంతలేడు. చేతిలో నాలుగు తూటాలు లేనప్పుడు వోర్టికాన్ మీద కాల్పులు మొదలుపెట్టకండి. మూడు తగిలించి వదిలేస్తే ఆ మూడూ గాలికి పోయినట్టే.

బట్లర్ రోబోలు, ట్యాంక్ రోబోలు తూటాలకు లొంగవు. బట్లర్ తోస్తుంది తప్ప ఏమీ చేయదు. ట్యాంక్ కాల్చే గుండు తగిలితే ప్రాణం పోతుంది. అది కూడా అడ్డంగానే కాలుస్తుంది, కాబట్టి దాని వరుసలో నిలబడకుండా పైమెట్టుకో కిందిమెట్టుకో మారండి. ఐసు ఫిరంగులు వదిలే ముక్కలు చంపవు, తోసేస్తాయి. ఎక్కడ నిలబడి ఉన్నారన్నదే అక్కడ ముఖ్యం.

స్కోరు ఊరికే కాదు. ప్రతి 20,000 పాయింట్లకు ఒక లైఫ్ వస్తుంది. లాలీపాప్ 100, సోడా 200, పిజ్జా 500, పుస్తకం 1000, టెడ్డీ బేర్ 5000. నాలుగు టెడ్డీ బేర్లంటే ఒక లైఫ్! లాలీపాప్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. టెడ్డీ బేర్ కనిపిస్తే మాత్రం కాస్త తెగించినా తప్పులేదు.

మ్యాప్, సేవ్, సూచనలు

మ్యాప్ మీద నడిచి, ఊరి మీద నిలబడి గెంతే బటన్ నొక్కితే లోపలికి వెళ్తారు. లోపల రంగు తలుపులకు అదే రంగు కీకార్డు కావాలి. కార్డులు ఆ లెవెల్ వరకే, తర్వాతి లెవెల్‌కు రావు. బయటికి పోయే తలుపు దాటితే ఆ ఊరు పూర్తయినట్టు గుర్తు పడుతుంది, మళ్లీ లోపలికి వెళ్లలేరు. అందుకే తలుపు కనిపించగానే దూరిపోకండి, ఏరుకోవాల్సినవి ఏరుకున్నారో లేదో చూసుకోండి. స్పేస్ నొక్కితే స్కోరు, తూటాలు, దొరికిన రాకెట్ భాగాలు అన్నీ ఒకే పెట్టెలో కనిపిస్తాయి.

సేవ్ మ్యాప్ మీద ఉన్నప్పుడే కుదురుతుంది. 1 నుంచి 9 దాకా చోట్లున్నాయి. ప్రతి ఊరు పూర్తవగానే ఎఫ్5 నొక్కి, కనీసం రెండు నంబర్లను మార్చి మార్చి వాడండి. లైఫులు తక్కువై చిక్కుకుపోయిన సేవ్ మీదే పదేపదే రాసుకుంటే వెనక్కి పోయే దారి ఉండదు.

గుళ్లలో యోర్ప్ విగ్రహాలను తాకితే మనసులో మాటలా ఒక సూచన వినిపిస్తుంది. ఆట దాచుకున్న రహస్య నగరం సంగతి కూడా అలాగే తెలుస్తుంది, కాబట్టి చదవకుండా దాటేయకండి. బోర్డుల మీద కనిపించే వింత లిపి స్టాండర్డ్ గెలాక్టిక్ ఆల్ఫాబెట్, టామ్ హాల్ సృష్టి. ఇంగ్లిష్ అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు. మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లు మంత్రాల బల్ల దగ్గర ఇదే లిపిని చూసి ఉంటారు. బయటి తలుపు దగ్గరి బోర్డు మీద ఎగ్జిట్ అనే ఉంటుందని ఊహించి, ఆ నాలుగు గుర్తులు కాగితం మీద రాసుకుంటూ మొదలుపెడితే మెల్లగా మిగతావీ పట్టుబడతాయి.

పిల్లలతో కలిసి ఆడుతూ విసుగొస్తే ఒక చిట్కా: సీ, టీ, స్పేస్ మూడూ ఒకేసారి నొక్కితే పోగో, కీకార్డులు, బోలెడు తూటాలు వచ్చేస్తాయి. జీ, ఓ, డీ కలిపి నొక్కితే చావు లేని కీన్. మొదటిసారి ఆడేటప్పుడు మాత్రం వీటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాం. తూటా కరువే ఈ ఆటకు ప్రాణం.

కోట, తిరుగు ప్రయాణం

వోర్టికాన్ కోటలోకి వెళ్లే ముందు మ్యాప్ మీద సేవ్ చేసుకోండి, తూటాలు దండిగా ఉంచుకోండి. లోపల వోర్టికాన్ కమాండర్ ఉంటాడు. నాలుగు తూటాల లెక్క వీడి దగ్గర పనికిరాదు, ఎదురుగా నిలబడి కాలుస్తూ పోతే ఉన్నవన్నీ అయిపోయినా పడడు. తల పైకెత్తి చూడండి. వాడి మీద గొలుసుతో ఒక రాతిబండ వేలాడుతుంటుంది. గొలుసును కాలిస్తే బండ వాడి మీద పడుతుంది. కీన్ అడ్డంగానే కాల్చగలడు కదా, అందుకే గొలుసుకు సరితూగే ఎత్తులో ఉన్నప్పుడు పేల్చాలి. కింద నుంచి తొందరపడి కాల్చిన ప్రతి తూటా వృథా.

నాలుగు భాగాలూ చేరాక మ్యాప్ మీద రాకెట్ దగ్గరికి నడవండి. ఏదైనా తక్కువైతే ఏది లేదో అక్కడే చూపిస్తుంది, మిగిలిన ఊళ్లు చూసుకోవచ్చు. అన్నీ ఉంటే కీన్ ఇంటికి బయల్దేరతాడు. రెండో భాగానికి ఈ సేవ్ ఫైళ్లు పనికిరావు, దాని ఫైళ్ల తోక సీకే2. అక్కడ పోగో కర్ర మొదటి నుంచే చేతిలో ఉంటుంది కాబట్టి, పైన చెప్పిన రెండు బటన్లూ ఒకేసారి పడే అలవాటు ఈ భాగంలోనే చేసుకుని వెళ్లండి.